నిండు చూలాలికి గుండె ఆగినపుడు
(సంఘ వార్షిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమువారు ఏటేట ఈ వేదికపై హరికథలు, అవధానములు, నాటకములు ఏర్పాటు చేయుచుందురు. ఈ మారు కార్యదర్శిగారు నాయొద్దకు వచ్చి, "సాహిత్యము ఎప్పుడును ఉన్నదే; ఇంటింటికి పనికివచ్చు సంగతి ఒకటి చెప్పుడు" అని కోరిరి. నేను కళాశాలలో చదివినది చరిత్ర, తెలుగు. కార్యాలయములో చదువునది ఫైళ్లు. వైద్యుడను కాను. అయినను కొంతకాలము క్రిందట ఉద్యోగులకు ఏర్పరచిన ప్రథమ చికిత్సా శిక్షణలో పాల్గొని, అక్కడ విన్న ఒక విషయమును మరువలేక, వైద్యమిత్రుల నడిగియు, వారు చూపిన వ్యాసములు చదివియు కొంత తెలిసికొంటిని. నెలలు నిండిన స్త్రీకి హఠాత్తుగా గుండె ఆగిపోయినచో చుట్టునున్నవారు ఏమి చేయవలెను, వైద్యులు ఏమి చేయుదురు అనునదే ఆ విషయము. శుభమా అని వార్షికోత్సవము చేసికొనుచుండగా ఈ అశుభపు మాట యేల యని పెద్దలు అనుకొనవచ్చును. సీమంతము నాడు గాజులు తొడుగుట ఎట్టి రక్షయో, ఇదియు అట్టి రక్షయే యని భావించి వినుడు.

గర్భిణిని గూర్చి మనవారు "ఆమె వట్టి మనిషి కాదు" అందురు. ఈ మాటలో వైద్యశాస్త్రమంత అర్థమున్నది. వట్టి మనిషి కానందువలననే ఆమె శరీరములో రక్తము సుమారు సగము పాలు పెరుగును. ప్రాణవాయువు అవసరము అయిదవ వంతుకు తక్కువ కాకుండ పెరుగును. పెరిగిన గర్భము ఊపిరితిత్తులను క్రిందినుండి నెట్టుటచేత వానిలో నిలువయుండు గాలి తగ్గును. ఖర్చు హెచ్చి నిలువ తగ్గిన సంసారము వంటిదన్నమాట. ఊపిరి ఆగినచో ఇతరులకంటె ఆమెకు ప్రాణవాయువు త్వరగా తరిగిపోవును. ఇది మొదటి చిక్కు.

రెండవ చిక్కు ఇంతకంటె విచిత్రమైనది. ఇరువది వారములు దాటునప్పటికి గర్భాశయము బొడ్డు మట్టమునకు వచ్చును. అటుపైన ఆమె వెల్లకిల పరుండినచో ఆ బరువు వెన్నెముక ముందుగా పోవు పెద్ద రక్తనాళములపై పడును. కాళ్లనుండి, కడుపునుండి గుండెకు రక్తమును చేర్చు పెద్ద సిర నొక్కుకొనిపోవును. నిండు నెలలలో ఎడమ ప్రక్కకు తిరిగి పరుండుమని డాక్టర్లు చెప్పుటకు కారణమిదే. గుండె చక్కగా కొట్టుకొనుచున్నప్పుడు ఈ నొక్కుడును శరీరము ఎట్లో సర్దుకొనును. గుండె ఆగి, పైనుండి మనము చేతులతో నొక్కి రక్తమును నడిపించు స్థితిలో, గుండెకు తిరిగివచ్చు రక్తమే లేనిచో నొక్కి ప్రయోజనమేమి? బావిలో నీరు ఊరకున్న యెడల ఎన్ని చేదలు వేసిన నేమి?

ఇక్కడ ఒక తేడా చెప్పవలెను. గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండెపోటు వచ్చిన మనిషి చెమటలు పోసి, నొప్పి అని చెప్పగలడు. గుండె ఆగిన మనిషి పిలిచిన పలుకడు, ఊపిరి తీయడు. లేదా ఆగి ఆగి ఎగశ్వాస మాత్రము వచ్చును. ఆ ఎగశ్వాసను చూచి "ఊపిరి ఉన్నది" అని భ్రమపడరాదు. గర్భిణులలో దీనికి ముఖ్యకారణములు రక్తస్రావము, రక్తపోటుతో కూడిన గుఱ్ఱపువాతము, ఊపిరితిత్తుల నాళములలో రక్తపు గడ్డ అడ్డుపడుట, ఉమ్మనీరు రక్తములో కలియుట, చీము దోషము, మత్తుమందు వలని చిక్కులు, పూర్వమే యున్న గుండె జబ్బు. మన దేశములో చిన్ననాటి కీళ్లవాతపు జ్వరమువలన గుండె కవాటము బిగిసిన స్త్రీలు ఇప్పటికిని ఉన్నారు. గర్భము వచ్చువరకు ఆ జబ్బు బయటపడనివారును ఉన్నారు.

ఇది ఎంత తరచుగా జరుగును? అమెరికాలో 1998 మొదలు 2011 వరకు ఆసుపత్రి ప్రసవముల లెక్కలు చూడగా 12,000 ప్రసవములకు ఒకటిగా తేలినది. బ్రిటనులో జరిపి 2017లో ప్రచురించిన పరిశీలనలో 36,000 కాన్పులకు ఒకటి. అరుదే. కాని ఆ బ్రిటిష్ పరిశీలనలోని మరియొక అంకెను చూడుడు. గుండె ఆగిన 66 మంది స్త్రీలలో 28 మంది మరణించిరి. 38 మంది బ్రతికిరి. గుండె ఆగిన తరువాత సగముకంటె ఎక్కువమంది బ్రతికి లేచిరన్నమాట! అమెరికా లెక్కలలోను ఇంచుమించుగా ఇదే పాలు. వారు వయసులో ఉన్నవారు; పలువురికి కారణము సరిదిద్దదగినది; పైగా వీరిలో అనేకులకు ఆసుపత్రిలోనే, చూచుచుండగనే గుండె ఆగినది. కావున "అయిపోయినది, ఇక లాభము లేదు" అను మాట మిగిలినవారి విషయములో కంటె చూలాలి విషయములో మరింత తప్పు.

ఇట్టిచో చుట్టునున్నవారు చేయవలసినది ఏమి? పిలిచి, భుజము తట్టి చూడవలెను. పలుకక, సరిగా ఊపిరి తీయకయున్న యెడల ఒకరు వెంటనే ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదున ప్రారంభమైన 108 ఇప్పుడు అనేక రాష్ట్రములలో ఉన్నది. దేశమంతటికి 112 ఉన్నది. "మనిషి పడిపోయినది" అని ఊరకొనక, "నిండు గర్భిణి, ఊపిరి లేదు" అని స్పష్టముగా చెప్పవలెను. ఆ రెండు మాటలవలన అవతల సిద్ధపడవలసినవారు మారుదురు.

రెండవవారు ఆమెను గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి రొమ్ము నడుమ ఎముక దిగువ సగముమీద అరచేతి మడమను ఉంచి, రెండవ చేతిని దానిపై వైచి, మోచేతులు వంచక నొక్కవలెను. అయిదు సెంటీమీటర్లకు తక్కువ కాకుండ, ఆరింటికి మించకుండ లోతు; నిమిషమునకు 100 నుండి 120 సార్లు. ప్రతి నొక్కునకు తరువాత రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. గర్భిణికి చేతులు కొంచెము పైకి ఉంచవలెనని వెనుక చెప్పుచుండిరి. 2015 నుండి ఆ మాట విడిచి, అందరికివలెనే అదే చోట నొక్కుమనుచున్నారు. నేర్చినవారు 30 నొక్కులకు రెండు ఊపిరులు ఊదవలెను. ఆమెకు ప్రాణవాయువు త్వరగా తరుగునని చెప్పితిని గదా, కాబట్టి నేర్చియుండి ఊదక మానుట తగదు. నేర్వనివారు నొక్కుట మాత్రము చేసినను మేలే. రెండు నిమిషములకు ఒకమారు మనిషిని మార్చుకొనవలెను. అలసిన చేయి లోతు తగ్గించును, ఆ సంగతి నొక్కువానికి తెలియదు.

మూడవవారికే అసలైన ప్రత్యేక కర్తవ్యము. బొడ్డు మట్టమునకు గర్భము వచ్చియున్న యెడల దానిని చేతులతో ఎడమ ప్రక్కకు జరిపి పట్టుకొనవలెను. ఆమెకు ఎడమవైపు నిలిచినవారు రెండు చేతులతో గర్భమును తమవైపునకు, కొంచెము పైకి లాగవలెను. కుడివైపు నిలిచినవారు ఒక చేతితో ఎడమకు, పైకి నెట్టవలెను. క్రిందికి అదుమరాదు, అదిమినచో ఏ నొక్కుడు తప్పింపదలచితిమో అదే చేసినట్లగును. పూర్వము నడుము క్రింద దిండు పెట్టి మనిషినే ప్రక్కకు వాల్చెడివారు. వాలిన రొమ్మును గట్టిగా నొక్కలేమని తెలిసినమీదట, మనిషిని చదునుగనే ఉంచి గర్భమును మాత్రము జరుపు పద్ధతి నిలిచినది. 2015లో అమెరికా హృద్రోగ సంఘమువారు గర్భిణుల గుండె ఆగుటను గూర్చి ప్రత్యేకముగా వెలువరించిన ప్రకటనలో దీనికే ప్రాధాన్యమిచ్చిరి. ఈ ఒక్క పనికి సూది అక్కరలేదు, మందు అక్కరలేదు, డిగ్రీ అక్కరలేదు.

విమానాశ్రయములందును, కొన్ని మెట్రో స్టేషనులందును, పెద్ద కార్యాలయములందును గోడకు తగిలించిన ఏ.ఇ.డి. అను పెట్టెను చూచియుందురు. గుండె లయ తప్పి వణకుచున్నపుడు విద్యుత్తుతో దానిని సరిచేయు యంత్రమది. గర్భిణికి విద్యుత్తు పెట్టవచ్చునా యని సందేహింపవలదు. పెట్టవచ్చును, అందరికివలెనే, అదే మోతాదులో. బిడ్డకు చేరు విద్యుత్తు అత్యల్పము. పెట్టె తెరచినచో అదియే మాటలతో దారి చూపును. పెట్టెకు తాళము వేసి, తాళపుచెవిని సెక్షనులో ఒకరి సొరుగులో దాచు ఆచారము మన కార్యాలయములకు కొత్త కాదు గనుక, ఎవరి భవనములో పెట్టె ఎక్కడ ఉన్నదో, తాళమున్నదో లేదో రేపే చూచుకొనుడు.

ఇంత చెప్పుటకు ఒక కారణము కలదు. కొన్నేండ్ల క్రిందట మేమున్న ఉద్యోగుల కాలనీలో, నేను కార్యాలయములో ఉన్న వేళ, తొమ్మిదవ నెల గర్భిణి ఒకతె రెండవ అంతస్తులో వంటయింట కూలినది. అత్తగారు కేక వేయగా ఇరుగుపొరుగువారు పదిమంది చేరిరి. ఒకరు ముఖమున నీళ్లు చల్లిరి. ఒకరు ఉల్లిపాయ చితికి ముక్కునొద్ద పెట్టిరి. ఒకరు చేతిలో ఇనుప తాళపుచెవి ఉంచిరి. ఒక యువకుడు రొమ్ము నొక్కుట నేర్చియున్నవాడు ముందుకు రాగా, "కడుపులో బిడ్డ నలిగిపోవును, ముట్టకు" అని పెద్దలు ఆపిరి. పరాయి స్త్రీ యను సంకోచము అతనికిని ఉన్నది. కుర్చీలో కూర్చుండబెట్టి మెట్లు దింపి కారులో చేర్చి, దగ్గరలోని ఆసుపత్రికి చేరునప్పటికి ఇరువది నిమిషములు దాటినవి. తల్లియు దక్కలేదు, బిడ్డయు దక్కలేదు. అక్కడ చేరినవారెవ్వరును చెడ్డవారు కారు. ఆమెను కూతురువలె చూచినవారే. వారి మంచితనము వారి చేతులను కట్టివేసినది.

ఆ పెద్దల మాటకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగమున ముఖ్యాంశమని భావించుచున్నాను. రొమ్ము నొక్కినచో బిడ్డ నలుగదు. బిడ్డ ఉన్న చోటు వేరు. నొక్కనిచో మాత్రము బిడ్డకు రక్తము చేరదు. బిడ్డకు వేరుగా ప్రాణవాయువు వచ్చు దారి లేదు, తల్లి రక్తమే దారి. కావున తల్లికి చేయు ప్రతి ఉపచారమును బిడ్డకు చేసినట్లే. తల్లికి తగిన మందును బిడ్డ కొఱకని తగ్గించుట, సూది ఆపుట, విద్యుత్తు మానుట, ఇవన్నియు బిడ్డకును కీడే. ఇక స్త్రీ పురుష సంకోచము మాట. అగ్నిలో చిక్కిన స్త్రీని బయటికి లాగువానిని ఎవ్వరును "ఏల ముట్టితివి" అని అడుగరు.

ఒక్క హెచ్చరిక. మూర్ఛవలె కాలుచేతులు కొట్టుకొనుచు ఊపిరి తీయుచున్న గర్భిణికి రొమ్ము నొక్కరాదు. అది గుఱ్ఱపువాతము కావచ్చును. ఆమెను ఎడమ ప్రక్కకు త్రిప్పి, నోట ఏమియు పెట్టక, తల దెబ్బ తగులకుండ కాచి, అంబులెన్సును పిలువవలెను. తాళపుచెవి చేతిలో పెట్టుటవలన నష్టము లేదు గాని, దానికై వెదకుటలో పోవు కాలము నష్టము.

ఇంతవరకు మన పని. ఆసుపత్రిలో జరుగునది మనము చేయునది కాదు. అయినను తెలిసియుండుట మంచిది, ఏలయనగా అక్కడ భర్తయో తండ్రియో అడ్డుపడు ఘట్టమొకటి కలదు. నొక్కుట, ప్రాణవాయువు, మందులు, విద్యుత్తు సాగుచుండగనే గుండె తిరిగి కొట్టుకొనని యెడల, వైద్యులు అక్కడికక్కడే కడుపు కోసి బిడ్డను బయటికి తీయుదురు. ఆపరేషను గదికి తరలింపరు. బిడ్డ గుండె చప్పుడు వెదకుచు నిలువరు. గుండె ఆగిన అయిదు నిమిషములలో బిడ్డ బయటికి రావలెనని లక్ష్యము.

ఈ శస్త్రమునకు చరిత్ర కలదు. చరిత్ర చదివినవాడను గనుక దానిని విడువజాలను. నిండు గర్భిణి మరణించినచో బిడ్డను తీయక పాతిపెట్టరాదని ప్రాచీన రోమునందు ఒక శాసనముండెను. దానిని నూమా రాజునకు ఆరోపింతురు. మన సుశ్రుత సంహితలో, నిదానస్థానమున మూఢగర్భమును గూర్చిన అధ్యాయములో, తల్లి హఠాత్తుగా మరణించి కడుపులో కదలిక ఉన్న యెడల వైద్యుడు తత్క్షణమే కోసి బిడ్డను తీయవలెనని విధించిరి. చాణక్యుడు విషముచే మరణించుచున్న చంద్రగుప్తుని రాణి గర్భమునుండి బిందుసారుని ఇట్లే తీసెనని జైనుల కథ. శిరస్సుపై పడిన విషబిందువువలన ఆ పేరు వచ్చెనట. కథ నిజమో కాదో గాని భావము ఒక్కటే: తల్లి పోయినది, బిడ్డనైన దక్కించుకొందము. ఇన్ని శతాబ్దములును ఈ కోతను తల్లి మరణానంతరము బిడ్డ కొఱకు చేయునదిగనే ఎంచిరి.

1986లో కాట్జు అను అమెరికా ప్రసూతి వైద్యుడును అతని సహచరులును ఈ లెక్కను తలక్రిందులు చేసిరి. గర్భము ఖాళీ యైనచో పెద్ద సిరపై నొక్కుడు పోవును, గర్భాశయపు రక్తము తల్లికి తిరిగివచ్చును, ప్రాణవాయువు ఖర్చు తగ్గును, రొమ్ము నొక్కుట తేలికయగును. కాబట్టి నాలుగు నిమిషములకు ప్రారంభించి అయిదింటిలోపల బిడ్డను తీసినచో తల్లికే మేలగునని వాదించిరి. 2005లో వారే, అంతవరకు ప్రకటింపబడిన వృత్తాంతములను కూర్చి చూడగా, తల్లి స్థితిని నమోదు చేసిన 18 సందర్భములలో 12 చోట్ల కోత తరువాతనే నాడి, రక్తపోటు తిరిగివచ్చెనట. జయమైన కథలే అచ్చులోనికి వచ్చుట లోకరీతి గనుక ఈ అంకెను కొంత తగ్గించి చూడవలెను. అయితే బ్రిటిషు పరిశీలన దేశములోని కేసులనన్నిటిని కూర్చినది. అందులో బ్రతికిన తల్లులకు గుండె ఆగిన తరువాత కోతవరకు పట్టిన కాలము మధ్యస్థముగా 3 నిమిషములు. మరణించినవారి విషయములో 12 నిమిషములు. మూడునకును పండ్రెండునకును నడుమ ఏమేమి జరిగియుండునో ఆలోచింపుడు. ఒకరి కొఱకు ఎదురుచూచుట, ఒకరి నడుగుట, ఒక కాగితము వెదకుట.

కాగితమనగానే మన ధర్మము చెప్పవలసి వచ్చినది. సంతకము లేనిదే ఏ ఫైలును కదలదని మనము నమ్మినవారము. ఆసుపత్రిలోను అదే ఆశింతుము. సమ్మతి తెలుపలేని స్థితిలో ఉన్న వ్యక్తికి, సకాలములో సమ్మతి ఇయ్యగల సంరక్షకుడు దొరకనపుడు, మేలు కొఱకు సద్బుద్ధితో చేసిన పని నేరము కాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి 92వ సెక్షనులో చెప్పిరి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే సూత్రము 30వ సెక్షనుగా నిలిచినది. వైద్యుడు సంతకము కొఱకు ఆగనక్కరలేదు. గది బయట నిలిచిన మనము "సంతకము లేక ఎట్లు కోసితిరి" అని గొడవ చేయకుండుటయు ఒక విధమైన ప్రథమ చికిత్సయే.

మన దేశములో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2004–06 లో 254 ఉండగా, 2018–20 నాటికి 97కు దిగినవి. అప్పటి లెక్కలో తెలంగాణమున 43, ఆంధ్రప్రదేశమున 45. కేరళలో 19, అస్సాములో 195. ఈ మరణములు చాలవరకు ముందుగా హెచ్చరించియే వచ్చునవి. వెల్లకిల పరుండిన ఊపిరి ఆడకుండుట, కూర్చున్నను ఆయాసము, సొమ్మసిల్లుట, రొమ్ము నొప్పి, కన్నులు మసకలతో విపరీతమైన తలనొప్పి, రక్తస్రావము, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టుట, ఇవి కనబడిన యెడల "నెలలు నిండినవి, ఇట్లే ఉండును" అని సరిపెట్టక ఆనాడే చూపింపవలెను. తొలి కాన్పునకు పుట్టింటికి పంపుట మన ఆచారము గనుక, ఢిల్లీనుండియో మరియొక దూరపు నగరమునుండియో ఎందరో ఆడపిల్లలు నెలలు నిండుచుండగా ఒక రాత్రి, ఒక పగలు రైలులో ప్రయాణము చేయుదురు. ఆచారమును నేను కాదనను. గుండె జబ్బుగాని, రక్తపోటుగాని ఉన్న పిల్లను మాత్రము డాక్టరు నడుగక రైలెక్కింపకుడు. ఎక్కించినపుడు ఆమె వైద్య కాగితములు అడుగు పెట్టెలో గాక చేతి సంచిలో ఉంచుడు.

కార్యదర్శిగారి అనుమతితో ఒక ప్రకటన చేయుచున్నాను. వచ్చే నెల రెండవ ఆదివారము ఉదయము పది గంటలకు ఈ హాలులోనే, మన సభ్యుల బంధువగు ఒక మత్తువైద్యురాలు రబ్బరు బొమ్మలతో రొమ్ము నొక్కుటయు, గర్భమును ఎడమకు జరుపుటయు చేయించి చూపుటకు అంగీకరించిరి. భర్తలు తప్పక రావలెను. అత్తగార్లును రావలెను, ఆపునది వారే గనుక. మోకాళ్ల నొప్పులున్నవారు నొక్కలేకపోయినను, గర్భమును జరిపి పట్టుకొనుట నేర్వవచ్చును. బొమ్మలు రెండే యున్నవి. కావున పేర్లు ముందుగా ఇచ్చినయెడల జట్లు విభజించుటకు వీలగును.